నీరు తీసే బిళ్ళలు

పద్నాలుగో భాగం

"ఇది?"

"మెంతిపొడి, మేడమ్."

"ఇది?"

"కరివేపాకు కారం."

ఫియోనా రెండు చేతులకీ పల్చటి రబ్బరు తొడుగులు వేసుకుంది. ఒక్కో డబ్బా మూత తీసి, వాసన చూసి, చెంచాడు పొడి చిన్న ప్లాస్టిక్ సంచిలో పోసి, సంచి మీద అంకె వేస్తోంది. అప్పటికి ఆరు సంచులయ్యాయి. శ్యామల రాజంపేట నుంచి మోసుకొచ్చిన డబ్బాలన్నీ వంటగది గట్టు మీద వరసగా నిలబడ్డాయి, దొంగతనం కేసులో పట్టుకొచ్చిన మనుషుల్లాగా.

మూడేళ్ళ నుంచి ఈ ఇంట్లో వంట చేస్తోంది శ్యామల. ఈ మూడేళ్ళలో ఫియోనా ఆ డబ్బాల వైపు కన్నెత్తి చూసింది లేదు.

"ఇవి సారు తిండిలో వెయ్యను, మేడమ్. ఇవి మాకు." తనకొచ్చిన ముక్కల ఇంగ్లీషులోనే చెప్పింది శ్యామల.

"అలాగే అనుకున్నాను, పోయిన వారం దాకా," అంది ఫియోనా. ఏడో సంచి తీసింది.

నాలుగు రోజుల కిందట రేసుకోర్సు ఆఫీసు నుంచి కాగితం వచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో ఇదే వరస. ఫియోనా మొగుడు గారెత్ హోల్రాయిడ్ జాకీ. ఇంగ్లండులో ఇరవై ఏళ్ళకి పైగా గుర్రాల మీద బతికి, తర్వాత ఖతర్ వచ్చి ఒక షేక్ గుర్రపుశాలలో కుదురుకున్నాడు. మూడు వారాల కిందట ఒక రేసు అయిపోయాక మిగతా వాళ్ళతో పాటు అతని మూత్రమూ పరీక్షకి తీసుకున్నారు. అందులో ఒంట్లో నీరు తీసేసే మందు బయటపడింది. బరువు దింపుకోవడానికి జాకీలు అలాంటిది వేసుకోవడం నేరం. సోమవారం విచారణ. అది తేలేదాకా గుర్రం ఎక్కడానికి వీల్లేదు. ఆ పై శనివారమే ఏడాదికంతటికీ పెద్ద రేసు. షేక్ గుర్రం రిమాల్ మీద గారెత్ ఎక్కాల్సిన రేసు.

"నేను ఏ మందూ వేసుకోలేదు," అని గారెత్ ఒక్కమాట చెప్పి ఊరుకున్నాడు.

ఆయన వేసుకోకపోతే ఎవరో పెట్టి ఉండాలి. ఆయన తినే ప్రతి ముద్దా వండేది ఒక్కరే.

డబ్బాలు అయిపోయాయి. ఫియోనా తొడుగులు విప్పలేదు.

"మీ గది చూడాలి."

అడిగినట్టు లేదు ఆ మాట. శ్యామల చేతులు తుడుచుకుని ముందు నడిచింది.

ఇంటి వెనక ప్రహరీని ఆనుకుని ఒక గది. అందులోనే శ్యామలా, డ్రైవరు పని చేసే ఆమె మొగుడు వెంకటప్పా ఉంటారు. ప్రహరీ అవతల ఫుట్‌బాల్ ప్రపంచకప్పు కోసం తవ్విన రోడ్డు రెండేళ్ళయినా పూడలేదు. ఎన్నిసార్లు తుడిచినా గదిలో సన్నటి తెల్లదుమ్ము. ఫియోనా ఇంతకు ముందెప్పుడూ ఆ గడప తొక్కలేదు. మంచం మీద పరుపు ఎత్తి చూసింది. బీరువాలో చీరల మధ్య చెయ్యి పెట్టి చూసింది. దేవుడి పటం దగ్గరికి వచ్చేసరికి ఆగి, చెప్పులు విడిచి, అప్పుడు పటం వెనక చూసింది. అది చూసి శ్యామలకి కోపం తెచ్చుకోవాలో జాలిపడాలో తెలియలేదు.

ఆఖరికి వెంకటప్ప గడ్డం గీసుకునే డబ్బా తెరిచింది. బ్లేళ్ళ కింద బిళ్ళల పట్టీ. సగం గూళ్ళు ఖాళీ.

"ఇవేమిటి?"

"మా ఆయన మందు, మేడమ్. బీపీ. కాళ్ళు వాస్తాయి. ఇండస్ట్రియల్ ఏరియాలో క్లినిక్ డాక్టరు ఇచ్చాడు."

ఫియోనా పట్టీ వెనక ఉన్న పేరు చదివింది. మళ్ళీ చదివింది. జేబులోంచి రేసుకోర్సు కాగితం తీసి, మడత విప్పి, పట్టీని దాని పక్కన పెట్టింది.

శ్యామలకి ఇంగ్లీషు చదవడం రాదు. కానీ రెండు చోట్లా అక్షరాలు ఒకే వరసలో ఉంటే పోల్చుకోవడానికి చదువు అక్కర్లేదు.

ఫియోనా కాగితాన్ని అరచేత్తో చదును చేసింది. ఫోనుతో ఫొటో తీసుకుంది. చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి, మండే గచ్చు మీద ఉత్తికాళ్ళతోనే ఇంట్లోకి వెళ్ళిపోయింది.

*

వెంకటప్ప ఒంటిగంటకి వచ్చాడు. స్టేడియం ముందు ట్రాఫిక్ ఆపేసి ఎవరో పెద్దమనుషుల్ని పంపారట, నలభై నిమిషాలు ఎండలో కారు కదల్లేదట. తిట్టుకుంటూ చొక్కా విప్పబోయి పెళ్ళాం ముఖం చూసి ఆగాడు.

"ఏమ్మే, అట్లుండావు?"

"నీ బిళ్ళల పేరేంది?"

"పేరు నాకేం తెల్సు? నీరు తీసే బిళ్ళలు అన్న్యాడు డాక్టరు."

"సారు ఒంట్లో దొరికింది అదే మందు. మేడమ్ వచ్చి మన గదంతా సోదా చేసింది. ఫొటో గూడా తీసుకుంది."

వెంకటప్ప మంచం మీద కూలబడ్డాడు. విప్పుతున్న గుండీ చేతిలోనే ఉండిపోయింది.

"నువ్వేమన్నా సారుకు ఇచ్చినావా?" అడిగింది శ్యామల.

"నేనెందుకిస్తా? ఇస్తే నాకేమొస్తాది?"

"అదే నేనూ అడుగుతాండా. ఏమొస్తాది?"

"ఏందే నీ మాట?"

"మొన్న గేటుకాడ కమాల్ భాయ్‌తో మాట్లాడతాంటివి. నన్ను చూసి ఇద్దురూ నోరు మూసినారు."

కమాలుద్దీన్‌ది నిజామాబాద్. షేక్ ఆఫీసులో పనివాళ్ళ వీసాలు, కాగితాలు అన్నీ ఆయనే చూస్తాడు. ఎవరు ఉండాలో ఎవరు ఊరికి పోవాలో ఆయన నోటి మాటే.

"ప్రపంచకప్పుకు వచ్చే పెద్దోళ్ళ కార్లు తోలేదానికి నా పేరు రాయిస్తానన్న్యాడు. అదే మాట్లాడతాంటిమి," అన్నాడు వెంకటప్ప.

"మంచి మాటే గదా. దానికి నన్ను చూసి ఎందుకాపాల?"

వెంకటప్ప కళ్ళలో ఎర్రజీర లేచింది.

"నన్నడుగుతాండావు, మరి నీ సంగతేంది? ఆయప్ప కడుపు మాడ్చుకుంటాంటే చూళ్ళేకపోతాండానని రోజూ ఏడ్సేది ఎవరు? అరగుడ్డు పెట్టేదానికి చేతులు రావడంలేదని ఎవరన్న్యారు? ఒక బిళ్ళ వేసుకుంటే బరువు దిగుతాది, రెండు ముద్దలు ఎక్కువ తింటాడని నువ్వే ఇచ్చింటే?"

 ఇరవై రెండేళ్ళ కాపురంలో మొగుడు శ్యామలని చాలా మాటలన్నాడు. ఈ మాట అంటాడనుకోలేదు. అంతకంటే, ఆ మాట ఇంత చప్పున ఎలా వచ్చింది? ముందే వండి పెట్టుకున్నట్టు?

పొయ్యి మీద సంగటి అడుగంటిన వాసన వచ్చింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

"ఆ పట్టీ నా చేతికెప్పుడు వచ్చింది?" అంది చివరికి. "నువ్వు కార్లో గదా పెట్టుకుంటాంటివి?"

"ఊఁ. పొద్దున నాలుగున్నరకే సారును ట్రాక్ కాడికి తీసకపోవాల గదా. ఆడ టీ తాగినాంక వేసుకునేటోణ్ణి."

"మరి గదిలోకి ఎందుకు తెచ్చినావు?"

వెంకటప్ప సగం విప్పిన గుండీ మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఏమయ్యా, నిన్నే. ఎందుకు తెచ్చినావు?"

"తక్కువొస్తాంటే తెచ్చినా," అన్నాడు వెంకటప్ప గోడకేసి చూస్తూ. "దీని ముందు పట్టీ అయిపోవాల్సిన రోజు కంటే ముందే అయిపోయింది. ఐదు బిళ్ళలు లేవు."

శ్యామల దగ్గరికి జరిగింది. గొంతు దించింది.

"ఎవరు తీసినారో నీకు తెల్సు."

"నేను చూళ్ళేదు."

"చూళ్ళేదా, చెప్పవా?"

గోడ మీంచి చూపు తిప్పకుండానే చెప్పాడు. మూత్రం పరీక్ష చేసిన ఆ రేసు రోజు దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆపమన్నాడట గారెత్. ఐసు తెమ్మన్నాడట. వెంకటప్ప తెచ్చేసరికి ముందు సీటు ఎదురుగా ఉన్న అర తెరిచి ఉంది. గారెత్ ముఖం తుడుచుకునే కాగితం కోసం తీశానన్నాడు. కాగితాల పెట్టె మాత్రం వెనక సీట్లో, ఎప్పుడూ ఉండేచోటే ఉంది. ఆ పూట రేసుకోర్సు చేరేలోపల మూడుసార్లు కారు ఆపించాడు, ఒంటికి పోవడానికి.

"అప్పుడే ఎందుకు చెప్పలా నాకు?"

"పెద్దోళ్ళ మీద నింద వేసి నిలబడగలమా మే? నువ్వు గూడా నోరు మూసుకో. యాడా అనొద్దు."

అతను చెప్పింది నమ్మబుద్ధయింది శ్యామలకి. కానీ ఇంత తెలిసినవాడు, ఇంతకు ముందు 'నువ్వే ఇచ్చింటే' అని ఎందుకన్నాడు?

*

మర్నాడు గారెత్‌కి భోజనం పట్టుకెళ్ళింది. అరచేతిలో సగం ఉండే చేపముక్క, ఉప్పు లేకుండా. నాలుగు ఉడికిన బీన్సు కాయలు. గుడ్డులో తెల్లది.

కసరత్తు గదిలో ఉన్నాడు. ఆ గదిలో స్ప్రింగుల మీద ఊగే చెక్కగుర్రం ఒకటుంది, కాళ్ళూ తలా లేనిది. చెమట పట్టడానికి వేసుకునే ప్లాస్టిక్ కోటు తొడుక్కుని దాని మీద ఊరికే కూర్చున్నాడు, కళ్ళెం వదిలేసి. నలభై రెండేళ్ళ మనిషి. వెనక నుంచి చూస్తే బడిపిల్లాడు. ముందు నుంచి చూస్తే అరవై ఏళ్ళ ముసలాడు.

గోడ నిండా ఫొటోలు. పదిహేడేళ్ళప్పుడు మొదటి గెలుపు. ముఖమంతా బురద, పళ్ళు తెల్లగా. ఇరవై నాలుగేళ్ళప్పుడు ఏదో మహారాణిగారి కాలంనాటి కప్పు ఎత్తి పట్టుకుని. అదే ఏడు నూట పదకొండు రేసులు గెలిచాడని వెంకటప్ప చెప్పాడు. ఆ తర్వాత వరసలో మెడకి పట్టీ, చేతికి కట్టు. గుర్రం కింద పడి మెడ ఎముక, మూడు పక్కటెముకలు విరిగిన ఏడాది. ముప్పై అయిదు దాటాక ఫొటోలు పల్చబడ్డాయి. ఎముకలు తేలికగా ఉన్న కుర్రాళ్ళు వచ్చేశారు, ఫోను మోగడం మానేసింది. మళ్ళీ మోగింది దోహా నుంచి.

"ఇవాళ తూకం లేదు కదా, సార్. తినండి," అంది శ్యామల.

"రేపు ఉండొచ్చు."

పళ్ళెం కిటికీ గట్టు మీద పెట్టింది. వెళ్ళిపోవాల్సింది, వెళ్ళలేదు. గారెత్ ఆమె వైపు తిరక్కుండానే మాట్లాడాడు. ఆమెకి అర్థం కావాలని మాట మాటకీ ఆగుతూ చెప్పాడు.

"పదహారేళ్ళకి ఇల్లు వదిలాను. గుర్రపుశాలలో పనికి. రైల్లో తినమని మా అమ్మ రొట్టెకి వెన్న రాసి ఇచ్చింది. స్టేషన్లో చెత్తబుట్టలో పడేశాను. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఆకలిగానే ఉన్నాను, శ్యామలా. నిద్రలో కూడా."

 శ్యామల అడగాల్సింది అప్పుడే అడిగేసింది. ఇంకాసేపు ఆగితే అడగలేనని తనకి తెలుసు.

"సార్. కార్లో డ్రైవరు మందు. మీరు తీశారా?"

చెక్కగుర్రం కిర్రుమంది.

"వెంకటప్ప అలా చెప్పాడా?"

తీయలేదనలేదు. ఎవరు చెప్పారని అడిగాడు.

"ఎవరూ చెప్పలేదు, సార్. నేను అడుగుతున్నా."

గారెత్ దిగి వచ్చాడు. నిలబడితే ఆమె భుజం దాకా వస్తాడు. కంఠం చాలా మెత్తగా చేసుకున్నాడు, బెదిరిన గుర్రంతో మాట్లాడేటప్పటి కంఠం.

"నువ్వు మంచిదానివి. నీకు హాని జరగనివ్వను. పొరపాటున ఒక బిళ్ళ వంటలో పడి ఉండొచ్చు. అలా జరుగుతుంది. నువ్వు ఆ మాట చెబితే చాలు, వాళ్ళు నన్ను వదిలేస్తారు. నిన్ను ఎవరూ ఏమీ అనరు. ఈ ఒక్క రేసు, శ్యామలా. దీని తర్వాత నాకు ఇంకో రేసు ఉండదు."

"ఐదు బిళ్ళలు పొరపాటున పడవు, సార్."

ఆయన కళ్ళు ఒక్క క్షణం ఆమె మీద నిలిచాయి. ఐదు అన్న లెక్క ఈమెకి ఎలా తెలుసని ఆలోచిస్తున్నట్టు ఉన్నాయి. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళి చేపముక్కని ఫోర్కుతో రెండు చేశాడు. రెండు నాలుగు చేశాడు. ఒక్కటీ నోట పెట్టలేదు.

శ్యామల గది బయటికి వచ్చేసరికి నడవలో ఫియోనా నిలబడి ఉంది. ఎప్పట్నుంచి ఉందో, ఎంత విందో తెలియదు. ఇద్దరూ ఒకరినొకరు తప్పుకుని నడిచారు, ఇరుకు సందులో ఎదురైన పరాయివాళ్ళలాగా.

*

ఆదివారం సాయంత్రం కమాలుద్దీన్ వచ్చాడు. గదిలో ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని, టీ తాగి, బాగుందని మెచ్చుకుని, అప్పుడు అసలు మాట ఎత్తాడు.

"జెర సమజ్ చేస్కో చెల్లె. రేపు నిన్ను పిలుస్తరు. నువ్వు తెలుగుల చెప్పు, నేను ఇంగ్లీషుల చెప్త. భయపడేదేం లేదు. మా మొగని గోలి వంటింట్ల పెట్టిన, పొరపాటున కల్సింది, తెల్వక అయింది, గంతే. బాత్ ఖతమ్."

"అట్ల జరగలేదు గదా భాయ్."

"జరిగిందో లేదో ఎవలకు గావాలె? నువ్వు గట్ల అనకపోతే ఏమైతదో ఎర్కేనా? కావాలని మందు పెట్టిందని మీకు వీసా ఇచ్చిన కఫీల్, షేక్ సాబే కేసేస్తడు. కేసైతే ఎయిర్‌పోర్ట్ మొఖం గూడ చూడవు. పొరపాటంటే రెండు నెలలు ఊరికి పంపిస్తం, మల్ల పిలుస్తం. కప్పు టైముకు ఇద్దరికీ మంచి డ్యూటీ."

"మళ్ళా పిలుస్తామని కాయితం మీద రాసిస్తావా?"

కమాలుద్దీన్ నవ్వాడు. నవ్వి వెంకటప్ప వైపు చూశాడు. వెంకటప్ప తల దించుకున్నాడు. ఆ చూపు తనకి అర్థం కాని ఏదో భాషలో ఉందనిపించింది శ్యామలకి.

"నీ పెండ్లాం హుషారున్నదయ్యా," అంటూ లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు. "షేక్ సాబ్‌కు శనివారం ఆ గుర్రం మీద ఆయన్నే గావాలె. యాది పెట్టుకో."

ఆయన కారు వెళ్ళిపోయిన చప్పుడు అణిగేదాకా ఇద్దరూ నిలబడే ఉన్నారు.

"చెప్పేయరాదు మే," అన్నాడు వెంకటప్ప. "ఒక్క మాట. పొరపాటంటే నీ నోరేం అరిగిపోదు."

"బిళ్ళ నీది. తీసిన చెయ్యి సారుది. తప్పు నాదా?"

"తప్పని ఎవరన్న్యారు? పొరపాటు."

"తిండిలో మందు కలిపిన వంటమనిషిని రేపు ఎవరు గడప తొక్కనిస్తారయ్యా? ఈ దేశంలో గానీ, మన రాజంపేటలో గానీ? నా చేతికి ఉండేది ఆ పనొక్కటే."

"నాకైతే ఉంటాది గదా డ్యూటీ," అన్నాడు వెంకటప్ప. అన్నాక, అన్నదేమిటో తనకే వినిపించినట్టు చప్పున లేచి కారు తుడవడానికి పోయాడు. పొద్దున్నే తుడిచిన కారు.

*

విచారణ గదిలో పెద్ద బల్ల. కిటికీలోంచి పచ్చటి రేసు ట్రాక్, దాని వెనక క్రేన్లు. బల్ల అవతల ముగ్గురు. మధ్యలో కూర్చున్న నెరిసిన గడ్డం పెద్దాయన మాట నెమ్మదిగా ఉంది. ఒక పక్కగా గారెత్, కోటూ టైతో. చొక్కా కాలరుకీ మెడకీ మధ్య రెండు వేళ్ళు పట్టేంత సందు. ఫియోనానీ వెంకటప్పనీ బయట నడవలో కూర్చోబెట్టారు.

"జరిగింది చెప్పమ్మా," అన్నాడు పెద్దాయన. కమాలుద్దీన్ తెలుగులో చెప్పాడు.

శ్యామల లేచి నిలబడింది. రాత్రంతా కూడగట్టుకున్న మాటలు.

"సారు తిండి నేనే వండుతా. దాంట్లో నీళ్ళు, కూరగాయలు, చేప, గుడ్డు తప్ప ఏమీ వెయ్యను. మా ఆయన బిళ్ళలు కార్లో ఉన్న్యాయి. నా వంటింట్లో ఎప్పుడూ లేవు. దాంట్లో ఐదు తక్కువొచ్చినాయి. ఎవరు తీసినారో నా కంటితో నేను చూళ్ళేదు. చూడందాన్ని చూసినానని చెప్పను. చెయ్యందాన్ని చేసినాననీ చెప్పను."

కమాలుద్దీన్ ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. ఆమె చెప్పినదానికంటే పొడుగ్గా ఉంది. కార్ అన్న మాట ఎక్కడా రాలేదు. కిచెన్ అని రెండుసార్లు వచ్చింది. హస్బెండ్, టాబ్లెట్ అని వచ్చింది. మిస్టేక్ అని వచ్చింది. చివర్న చెయ్యి గుండె మీద పెట్టుకుని, సారీ అన్నాడు, ఆమె తరఫున.

బల్ల అవతల ముగ్గురూ తలలూపి రాసుకున్నారు.

 శ్యామల గారెత్ వైపు చూసింది. ఆయన బల్ల అంచు చూస్తున్నాడు. ఆయనకి తెలుగు రాదు. కానీ ఆమె ఏం చెప్పి ఉంటుందో ఆ గదిలో ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

"నో," అంది.

కమాలుద్దీన్ నవ్వుముఖంతోనే పళ్ళ మధ్య నుంచి అన్నాడు. "కూసో చెల్లె. అయిపోయింది."

"నో మిస్టేక్," అంది శ్యామల, పెద్దాయన వైపే చూస్తూ. "నో కిచెన్. టాబ్లెట్ ఇన్ కార్. ఐ సే కార్. హి నో సే కార్. ఐ నో సారీ."

పెన్నులు ఆగాయి. పెద్దాయన కమాలుద్దీన్ వైపు ఒకసారి చూసి, ముందున్న కాగితాల్లోంచి ఒకటి తీశాడు. పిల్లలకి చెప్పినట్టు, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. "మరి ఇది? నీ భర్త ఇచ్చిన వాంగ్మూలం. మాత్రలు వంటగదిలో, ఉప్పు డబ్బా పక్కన నువ్వే పెట్టావని, వద్దని తను చాలాసార్లు చెప్పాడని ఉంది. హిందీలో చదివి వినిపించాకే సంతకం చేశాడట."

కాగితం ఆమె వైపు తిప్పాడు. పైన అంతా ఇంగ్లీషు. అడుగున తెలుగులో, ఒత్తులు పెద్దవిగా వేసి, వెంకటప్ప. మొన్న శనివారం తేదీ.

శ్యామల ఎవరి అనుమతీ అడగలేదు. నడిచివెళ్ళి తలుపు తీసింది.

నడవలో బెంచీ మీద వెంకటప్ప ఉన్నాడు. పక్కన ఫియోనా. అయిదు రోజులుగా వాళ్ళిద్దరితో ఒక్క మాట మాట్లాడని మనిషి, అతనివైపు వంగి, చేతిలో ఫోను పట్టుకుని వింటోంది. తలుపు చప్పుడుకి ఇద్దరూ తలెత్తారు.

"చెప్పేసినా మే," అన్నాడు వెంకటప్ప లేచి నిలబడుతూ.  "మేడమ్ అడిగింది. పెట్రోలు బంకు సంగతి, ఐసు సంగతి, అంతా చెప్పేసినా."

ఫియోనా శ్యామల పక్కనుంచి లోపలికి నడిచింది. ఆపబోయిన గుమాస్తాని చూడనైనా చూడలేదు. బల్ల దగ్గరికి కాదు, తిన్నగా మొగుడి దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"నువ్వు చెబుతావా గారెత్? నన్ను చెప్పమంటావా?"

గదిలో ఉన్నవాళ్ళంతా గారెత్‌నే చూస్తున్నారు. శ్యామల మాత్రం గుమ్మంలోనే ఆగి వెంకటప్పని చూస్తోంది.

"శనివారం పెట్టినావా సంతకం?"

"ఆఫీసుకు పిలిపిచ్చినాడు మే కమాల్ భాయ్. వెస్ట్ బేకు. డ్యూటీ కాయితమన్న్యాడు. దాంట్లో ఏం రాసుకున్న్యారో నాకేం తెల్సు?"

"హిందీలో చదివి వినిపిచ్చినారంట గదా."

వెంకటప్ప బెంచీ వైపు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"పదకొండేండ్ల నుంచి ఈ దేశంలో ఉండావు," అంది శ్యామల. "హిందీ నీకు నాకంటే బాగా వచ్చు గదయ్యా."

వెంకటప్ప నోరు తెరిచాడు. లోపల కుర్చీ జరిగిన చప్పుడయింది. గారెత్ గొంతు సవరించుకుని ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. ఆ మాటల మీదే తన బతుకంతా ఆధారపడి ఉందని శ్యామలకి తెలుసు. అయినా అటు తిరగలేదు. మొగుడి పెదాలనే చూస్తూ, అతను చెప్పబోయేది నిజమైనా అబద్ధమైనా తనకి తేడా తెలుస్తుందా అని మొదటిసారి భయపడింది.